తలకట్టు తీసేస్తే స్టైలా? ఈ మాట గురించి కాస్త మాట్లాడుకుందాం

గ్రూపులో అందరికీ నమస్కారం. ఇవాళ నేను తెచ్చిన మాట తలకట్టు. క మీద, గ మీద టిక్కు పెట్టినట్టు ఉంటుంది చూడండి, అదే. ఇది గుర్తుకు రావడానికి కారణం ఒక బోర్డు.

మా చెల్లి గాజువాకలో చిన్న షాపు పెట్టింది, చీరలకి ఫాల్ కుట్టడం, రోలింగు, వెలిసిపోయిన చీరలకి రంగు వేయడం. బోర్డు డిజైను ఒక కుర్రాడికి ఇస్తే శ్రద్ధగానే చేశాడు పాపం, లేత గులాబీ మీద సన్నటి తెల్ల అక్షరాలు, ఇప్పుడు బీచ్ రోడ్డు కేఫుల మీద, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌లో అంతా అదే నడుస్తోంది కదా, ఏ గీతా లావుగా ఉండకూడదు, ఏదీ పొడుచుకు రాకూడదు. ఆ క్లీన్ లుక్ కోసం కంప్యూటర్లో అక్షరాల్ని ఔట్‌లైన్లుగా, అంటే గీతగీతా చెరపడానికి వీలయ్యే బొమ్మలుగా మార్చి తలకట్లన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. "చీరలకు రంగు వేసి రోలింగు చేయబడును" అన్న వాక్యంలో లెక్కపెట్టండి, మొత్తం 8 తలకట్లు, అన్నీ పోయాయి. ర నెత్తిన తలకట్టు లేకపోతే మిగిలేది గుండ్రం, దాని పక్కన సున్నా, అంటే రంగు అన్న చోట రెండు సున్నాలు, వాటి పక్కన ఇంగ్లీషు ఎన్‌కి తోక తగిలించినట్టు ఒక గు. రోడ్డు అవతల నుంచి చదివిన చెల్లి మొహం నేను చూశాను, డబ్బులు కట్టేశాక ఆ బాధ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

మా పెదనాన్న పూర్ణా మార్కెట్ దగ్గర ముప్పై ఏళ్ళు బోర్డులు రాశాడు. ఆయనకి ఫొటో చూపిస్తే, "ఏటమ్మా, అచ్చరాలకి పాగాలు ఊడబీకీసి నిలబెట్టీసేరు?" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. తలకట్టు అంటే తలపాగాయే కదా! జుట్టుని కూడా అంటాం, ఆవిడ తలకట్టు ఒత్తుగా ఉంటుందని. పెదనాన్న ముందు అక్షరాల ఒళ్ళన్నీ రాసుకుంటూ వెళ్ళి, మళ్ళీ ఎడమ నుంచి వస్తూ తలకట్లు పెట్టేవాడు, బ్రష్షు కొస నొక్కి పైకి లాగి వదిలేయడమే, ఒక్క దెబ్బ, రెండోసారి దిద్దడం ఉండదు. క మీద అది ఆనుకుని కూర్చోవాలి, ప మీద స మీద తగలకుండా విడిగా నిలబడాలి, ఆ సందులోనే అక్షరం మొహం ఉంటుందనేవాడు. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం మన విశాఖలోనే ప్రకటించినప్పుడు మళ్ళీ బ్రష్షు పట్టొచ్చని ఎంత ఆశపడ్డాడో, కానీ గుడ్డ బ్యానర్లు కూడా మెషీన్ మీదే ప్రింటు అయిపోతున్నాయి.

ఇక మాట దగ్గరికి వస్తే, గుణింతం పేర్లు ఒకసారి నోట్లో అనుకోండి. తలకట్టు, గుడి, కొమ్ము, సుడి, ఇవన్నీ కంటితో చూసి పెట్టిన పేర్లు. గుడి అంటే దేవుడి గుడే అనుకునేదాన్ని నేను, కానీ చందమామ చుట్టూ కట్టే వలయాన్నీ గుడి అనే అంటారు, మా అమ్మమ్మ "దూరం గుడి దగ్గర వాన" అనేది, కి మీద ఉన్న ఆ చుట్టు అదే కాదూ? అటు ఎత్వం ఏత్వం ఐత్వం చూడండి, అవి చెవితో విని పెట్టినవి, ధ్వనికి త్వం తగిలించారు అంతే. నాకైతే ఆ మొదటి రకం పేర్లు అంటేనే ప్రాణం. పొల్లు మరీ గొప్ప మాట, గింజ లేని ఊక, అచ్చు లేని హల్లు. క్ రాసినప్పుడు తలకట్టు పోయి పొల్లు వస్తుంది. అంటే తలకట్టు చెరిపితే క లోంచి అ ని తీసేసినట్టే, ఊకని బోర్డు మీద పెట్టినట్టే.

కుర్రాడిని తప్పు పట్టలేను. కంప్యూటర్లో గుడికి, కొమ్ముకి, పొల్లుకి విడివిడిగా యూనికోడ్, అంటే ఒక్కో గుర్తుకి ఒక్కో నంబరు ఉంది, తలకట్టుకి లేదు, అక్షరంతో పాటే వచ్చేస్తుంది, కాబట్టి కీబోర్డు మీద పెరిగినవాళ్ళకి అదొక గీత అని తెలిసే అవకాశమే తక్కువ. సన్నటి అక్షరాలు కావాలంటే సన్నటి తలకట్టే పెట్టొచ్చు. గురజాడ, గిడుగు, మల్లన్న, రామభద్ర అని ఉచితంగా దొరికే ఫాంట్లే ఎన్ని ఉన్నాయి, వరసగా పెట్టి తలకట్లు మాత్రమే చూడండి, ఒక్కోటి ఒక్కోలా లేస్తుంది.

కింద కామెంట్లలో ఒక మాస్టారు అడిగిన ప్రశ్నకి ఇక్కడే రాస్తున్నా, అందరూ చూస్తారని. "తలకట్టు అంటే అకారమే అయితే కు లో ఎందుకుందమ్మా, అక్కడ అ లేదు కదా?" అన్నారు. నిజమే మాస్టారూ, నేను పైన రాసింది సగమే సరి. బ్రాహ్మి అనే పాత లిపి నుంచి దిగొచ్చిన లిపుల్లో గీత మొదలయ్యే చోట తల లావుగా పడేది, అదే పెరిగి పెరిగి మనకి టిక్కు అయింది, కన్నడం వాళ్ళకి అడ్డగీత అయింది, వాళ్ళూ దాన్ని తలెకట్టు అనే అంటారు. అంటే పుట్టుకలో అది ధ్వని కాదు, రూపం. గుడి వచ్చి నెత్తి మీద కూర్చుంటే తలకట్టు లేచి చోటిస్తుంది, కొమ్ము పక్కన వేలాడుతుంది కాబట్టి తలకట్టు కదలక్కర్లేదు. ట, జ, బ, ల, ణ లకి తలకట్టు లేనే లేదు, అయినా వాటిలో అ నిక్షేపంగా పలుకుతుంది. మీరు అడక్కపోతే నేను ఇంత దూరం ఆలోచించేదాన్ని కాదు.

బోర్డు ఏమైందని ఇంకొకరు అడిగారు. పోయిన ఆదివారం రేకు మీద కొత్తది రాశారు. పెదనాన్నకి ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, అందుకని ఆ డిజైను కుర్రాడే వచ్చి అక్షరాల ఒళ్ళు గీసి రంగు నింపాడు, ఆ 8 తలకట్లు మాత్రం పెదనాన్న స్టూలెక్కి పెట్టాడు. రెండో ర మీదది కొంచెం వంగింది. దిద్దనివ్వలేదు.