గేర్‌బాక్స్ అసెంబ్లీ: టాప్-డౌన్ చేయాలా, బాటమ్-అప్ చేయాలా?

ఇన్‌వాల్యూట్_20: సాలిడ్‌వర్క్స్‌లో (3డి డిజైన్ సాఫ్ట్‌వేర్) సింగిల్ స్టేజ్ స్పర్ గేర్‌బాక్స్ మోడల్ చేయాలి. మాడ్యూల్ (పంటి సైజు చెప్పే అంకె) 2, పినియన్‌కి (చిన్న గేర్) 20 పళ్లు, గేర్‌కి 60. ఇన్‌పుట్ షాఫ్టుకి 6204 బేరింగులు, అవుట్‌పుట్‌కి 6206. రేషియో ఇంకా ఖరారు కాలేదు, గేర్ 70 పళ్లకు మారొచ్చు. పార్టులు విడివిడిగా చేసి మేట్లతో (పార్టుల్ని జతచేసే షరతులు) కలపడం (బాటమ్-అప్) మంచిదా, అసెంబ్లీలోనే హౌసింగ్ (బయటి పెట్టె) గీయడమా (టాప్-డౌన్)? రెండో దాంట్లో రిఫరెన్సులు (ఒక పార్టు ఇంకోదాని మీద ఆధారపడే లింకులు) తెగుతాయని అందరూ భయపెడుతున్నారు.

స్ప్లిట్‌లైన్: రెండూ కావాలండీ. బేరింగులు, సర్‌క్లిప్పులు, ఆయిల్ సీళ్లు, బోల్టులు ఎప్పుడూ బాటమ్-అప్పే. వాటి కొలత కేటలాగు చెబుతుంది, మన చేతిలో లేదు. హౌసింగ్, కవర్లు మాత్రం టాప్-డౌన్.

అలాగని హౌసింగ్‌ని అసెంబ్లీలో గీయకండి. ముందు ఒక స్కెలిటన్ పార్ట్ చేయండి. అందులో సాలిడ్ ఉండదు. రెండు షాఫ్టుల యాక్సిస్‌లు, స్ప్లిట్ ప్లేన్ (హౌసింగ్ రెండుగా విడిపోయే చోటు), బేరింగ్ ముఖాల ప్లేన్లు, బోల్టు సెంటర్ల స్కెచ్, అంతే. సెంటర్ దూరం అంకెగా కొట్టకుండా ఈక్వేషన్ పెట్టండి: మాడ్యూల్ × మొత్తం పళ్లు ÷ 2. ఇప్పుడు 80 మి.మీ., 70 పళ్లయితే 90.

తర్వాత హౌసింగ్, కవర్ ఫైళ్లలో ఇన్సర్ట్ > పార్ట్‌తో స్కెలిటన్‌ని తెచ్చుకోండి. ప్లేన్లు, యాక్సిస్‌లు, స్కెచ్‌లు టిక్ చేయడం మరవొద్దు. అసెంబ్లీలో ఈ పార్టుల్ని ఆరిజిన్ మీద ఆరిజిన్ కూర్చోబెడితే వాటికి వేరే మేట్లు అక్కర్లేదు. తిరిగే షాఫ్టులకే కాన్సెంట్రిక్ మేట్ (ఒకే యాక్సిస్ మీద ఉంచేది) వేయాలి. రిఫరెన్సు స్కెలిటన్ నుంచి పార్టుకే వెళ్లాలి, పార్టు నుంచి పార్టుకు వద్దు.

ఇన్‌వాల్యూట్_20: కవర్ రంధ్రాలు హౌసింగ్ అంచుల మీంచి కన్వర్ట్ ఎంటిటీస్‌తో (వేరే పార్టు అంచుల్ని స్కెచ్‌లోకి తెచ్చే కమాండ్) లాగితే రెండు క్లిక్కుల్లో అయిపోతుంది కదా?

స్ప్లిట్‌లైన్: అవుతుంది. కానీ రేపు ఆ అంచుకి ఫిల్లెట్ (గుండ్రటి అంచు) గానీ చాంఫర్ (ఏటవాలు కోత) గానీ పడితే స్కెచ్ డాంగ్లింగ్ అవ్వొచ్చు, అంటే ఆధారం పోయి వేలాడొచ్చు. అది నయం, కంటికి కనబడుతుంది. అసలు ప్రమాదం వేరు: ఇన్-కాంటెక్స్ట్ రిఫరెన్సు (అసెంబ్లీలో ఉండి పక్క పార్టు నుంచి తీసుకున్నది) అప్‌డేట్ కావాలంటే ఆ అసెంబ్లీ తెరిచి ఉండాలి. హౌసింగ్ ఒక్కటే తెరిచి రంధ్రాలు జరిపి సేవ్ చేస్తే కవర్ పాత చోటే ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు. ట్రీలో పేరు పక్కన బాణానికి ప్రశ్న గుర్తు తగిలుందంటే ఇదే స్థితి. అలాంటి కవర్ డ్రాయింగ్ షాపుకి వెళ్తే డ్రిల్లింగ్ వాళ్ల తప్పేమీ ఉండదు.

టిప్‌సర్కిల్: స్కెలిటన్‌లో సెంటర్ దూరం ఒక్కటే పెడితే చాలదు. 60 పళ్ల గేర్ టిప్ వ్యాసం (పళ్ల కొనల దగ్గర కొలిచేది) 124, 70 పళ్లకు 144. యాక్సిస్ 10 జరుగుతుంది, వ్యాసార్ధం 10 పెరుగుతుంది. అంటే గేర్ బయటి వైపు అంచు 20 మి.మీ. ముందుకొస్తుంది. గోడ యాక్సిస్‌తో పాటు 10 మాత్రమే జరిగితే గేర్ గోడలోకి దూరుతుంది. టిప్ సర్కిళ్లు కూడా స్కెలిటన్‌లో గీసి, గోడనీ అడుగునీ వాటి నుంచి ఆఫ్‌సెట్‌గా తీసుకోండి.

ఇంకోటి చూసుకోండి: 6204 బయటి వ్యాసం 47, 6206ది 62. 80 సెంటర్‌లో రెండు బోర్ల మధ్య మిగిలేది 25.5. ఎం8 బోల్టుకి 9 రంధ్రం వేస్తే అటూ ఇటూ 8.25. ఎం8 వరకు ఫర్వాలేదు, ఎం12 పెట్టాలంటే మళ్లీ ఆలోచించాలి.

హెచ్7_కె6: మోడల్‌లో బోరూ బేరింగూ రెండూ 47 అని కలిశాయని ఫిట్ వచ్చేసినట్టు కాదు. మామూలుగా హౌసింగ్ బోరుకి హెచ్7, షాఫ్టుకి కె6 అనే టాలరెన్సులు (కొలతలో అనుమతించే తేడా) డ్రాయింగులో రాయాల్సిందే.

రిలీజ్ చేసేటప్పుడు ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్‌లో లాక్ ఆల్ నొక్కండి. బ్రేక్ ఆల్ జోలికి పోవద్దు: లాక్ తీయొచ్చు, తెగింది మళ్లీ అతకదు. కొత్త సైజుకి కాపీ కావాలంటే ఫోల్డర్లో పేర్లు మార్చకుండా ప్యాక్ అండ్ గో (లింకులతో సహా ఫైళ్లన్నీ కాపీ చేసే కమాండ్) వాడండి, స్కెలిటన్‌ని కూడా కొత్త పేరుతో తీసుకోండి. లేకపోతే పాత గేర్‌బాక్సూ కొత్తదీ ఒకే స్కెలిటన్‌కి వేలాడతాయి.