బడి పిల్లలందరికీ థైరాయిడ్ రక్తపరీక్ష చేయాలా?

కర్నూలు తల్లి:
మా అమ్మాయి ఎదుగుదల ఆగిపోయి, చదువులో వెనకబడితే టీచర్లు బద్ధకమన్నారు. చివరికి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే పెరిగే హార్మోన్) వంద దాటింది. ఐదో తరగతిలో అందరికీ ఈ పరీక్ష తప్పనిసరి చేయాలి.

పిల్లల వైద్యుడు:
అమ్మా, మీ బాధ న్యాయమైనదే. కానీ ఏ లక్షణమూ లేని పిల్లలందరికీ పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ కొద్దిగా మాత్రమే పెరిగి 5 నుంచి 10 మధ్య ఉన్నవారు చాలామంది బయటపడతారు. వారిలో ఎక్కువమందికి కొన్ని నెలల్లో మందు లేకుండానే అది మామూలు స్థాయికి వస్తుంది. అందరికీ చేయవలసింది పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్ష. అప్పుడు లోపం తెలిసి రెండు వారాల్లోపు మందు మొదలైతే మెదడు ఎదుగుదల చాలావరకు దెబ్బతినదు.

సత్తెనపల్లి నుంచి ఒకరు:
అయోడిన్ ఉప్పు తింటున్నాం కదా, ఇంకా ఈ జబ్బేమిటి?

పిల్లల వైద్యుడు:
అయోడిన్ చాలినచోట బడి వయసు పిల్లల్లో ఎక్కువగా కనిపించేది హషిమోటో వ్యాధి. శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిపై దాడి చేస్తుంది కనుక దాన్ని ఉప్పు ఆపలేదు.

ల్యాబ్ టెక్నీషియన్:
టీఎస్‌హెచ్ 6 ఉందని మా మేనకోడలికి మాత్ర మొదలుపెట్టి, మళ్లీ పరీక్షించకుండా ఏళ్ల తరబడి వాడించారు. ఇప్పుడు పెళ్లి సంబంధాలవాళ్లు ఆ మాత్ర గురించే అడుగుతున్నారు. 6 ఉన్నంత మాత్రాన జబ్బని కాదు.

కర్నూలు తల్లి:
ఆ 6 దగ్గరే ఆగిపోయారు మీరు! నా బిడ్డది 6 కాదు. మీ మేనకోడలి పెళ్లి కోసం నా బిడ్డలాంటివాళ్లు పొట్టిగా మిగిలిపోవాలా?

ల్యాబ్ టెక్నీషియన్:
మాటలు అదుపులో పెట్టుకోండి. అవసరంలేని మందు కూడా అన్యాయమే.

పిల్లల వైద్యుడు:
అయిదేళ్లు దాటాక యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు ఏటా సుమారు 5 సెంటీమీటర్లు పెరగాలి. 2013లో మొదలైన, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి వచ్చినప్పుడు తీసుకున్న ఎత్తును నిరుటి ఎత్తుతో పోల్చి, పెరుగుదల తగ్గిన పిల్లలకే రక్తపరీక్ష చేయిస్తే మీ అమ్మాయిలాంటివారు తప్పిపోరు.

కర్నూలు తల్లి:
డాక్టర్ గారూ, గౌను రెండేళ్లుగా పొట్టి కాలేదని ఆసుపత్రిలో నేనే చెప్పాను. పొట్టి వంశమేమోనని పంపేశారు. రక్తపరీక్ష కాగితం చూపించాకే నా మాట నమ్మారు. అందరికీ చేయమని అడుగుతున్నది అందుకే.

పిల్లల వైద్యుడు:
తల్లి అనుమానం చెప్పినప్పుడు ఎత్తు కొలిచి, తేడా ఉంటే అదే రోజు పరీక్ష రాయాలన్న నియమం ఉంటే ఒప్పుకుంటారా?

కర్నూలు తల్లి:
ఒప్పుకుంటాను. కానీ కొలవకుండా పంపేసినవారిని ఎవరు అడుగుతారో కూడా ఆ నియమంలో ఉండాలి.