ఎగిరే టెర్న్ రెక్కలు తెల్లగా మాడిపోతున్నాయి, ఫోకస్ నీళ్ల మీదికి జారుతోంది

కేసీ కాలువ (కర్నూలు):
సుంకేసుల దగ్గర రివర్ టెర్న్‌లు (చేపలు పట్టే నీటిపిట్టలు) తీస్తున్నా. నికాన్ డీ7500, 200-500 లెన్స్, ఎఫ్/5.6, ఆటో ఐఎస్‌ఓ (వెలుతురును బట్టి సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునేది), షట్టర్ 1/1600 సెకను. వెనక ఆకాశం ఉంటే పిట్ట నల్లగా వస్తోంది. నీళ్లుంటే రెక్కలు మాడిపోయి ఒక్క ఈక గీతా కనపడదు. చేపకు దూకేటప్పుడు ఫోకస్ అలలకు పోతోంది. లైట్‌రూమ్‌లో షార్ప్ చేస్తే రెక్క చుట్టూ తెల్ల అంచు. జనవరిలో గల్స్ (సముద్రపు పిట్టలు) కోసం కాకినాడ పోవాలి, ఆలోపు దారిలో పెట్టుకోవాలి.

పెన్న గట్టు (కడప):
ముందు ఆటో ఐఎస్‌ఓ తీసేయన్నా, సగం రోగం అదే. వెనకున్నది మారినప్పుడల్లా కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు లెక్క మార్చేస్తుంది. పిట్ట మీద పడే ఎండ మాత్రం మారడంలేదు కదా. ఫుల్ మాన్యువల్‌కు రా. బాగా ఎండున్నప్పుడు ఎఫ్/5.6, 1/3200 పెడితే మామూలు వస్తువుకు ఐఎస్‌ఓ 400 సరిపోతుంది, తెల్లపిట్టకు ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించి 200. పొద్దున ఏటవాలు ఎండలో 400 నుంచి 800 దాకా పోవాల్సొస్తుంది. గట్టున కూర్చున్న తెల్లకొంగను తీసి చూడు. హైలైట్ హెచ్చరిక (మాడిన చోట కెమెరా తెర మీద వచ్చేది) మిణుకుమంటే మూడోవంతు స్టాప్ చొప్పున దించు. ఆ మిణుకు రా ఫైలును కాకుండా కెమెరా తయారుచేసే జేపెగ్‌ను బట్టి వస్తుంది కాబట్టి పిక్చర్ కంట్రోల్ ఫ్లాట్‌లో (కాంట్రాస్ట్ తక్కువగా) పెట్టుకో. మబ్బు అడ్డమొస్తే లెక్క మళ్లీ మొదటికే.

ఫోకస్‌కు ఏఎఫ్-సీ (కదిలే పిట్టను ఆగకుండా వెంబడించేది), గ్రూప్ ఏరియా (కొన్ని ఫోకస్ బిందువులు కలిపి వాడేది). లాక్-ఆన్ 4 లేదా 5 పెడితే అల అడ్డొచ్చినా వెంటనే దాని మీదికి ఎగబడదు. లెన్స్ మీద లిమిటర్ మీట 6 మీటర్ల వైపు తిప్పు, అంతకన్నా దగ్గర ఫోకస్ వెతకదు. పిట్టను దూరంగా, ఆకాశం వెనకున్నప్పుడే పట్టుకో. నీళ్ల మీదికి దిగాక వెతికితే దొరకదు. ముక్కు కిందికి వంచి ఒకచోట రెక్కలాడించిందంటే దూకబోతోందని. దానికి 1/4000. 500 దగ్గర కాకుండా 350 దగ్గర తీసి తర్వాత కత్తిరించుకో, రెక్కకొనలు తెగవు.

ఎండకాక (అనంతపురం):
పైవన్నీ సరే. ఎండ ఎక్కాక నీటంచు ఇసుక, బండలు కాగి గాలి ఊగుతుంది. 80 మీటర్ల అవతలి పిట్ట ఏ సెట్టింగ్‌కూ షార్ప్‌గా రాదు. వరస ఫ్రేముల్లో ఒకటి తేట, ఒకటి మసక, పిట్ట ఆకారం కాస్త వంకరపోయినట్టుంటే అది ఫోకస్ తప్పు కాదు, ఎండకాక పనే. ఏసీ కారులోంచి తీసిన లెన్స్‌కు కూడా అరగంట టైమివ్వండి, హుడ్ (లెన్స్ ముందుండే గొట్టం) లోపలి గాలి కూడా ఊగుతుంది.

ఇంకోటి గాలి. పిట్ట గాలికి ఎదురుగానే లేస్తుంది, దిగుతుంది. వానాకాలం పడమటి గాలిలో పొద్దున ఎండను వీపుకు పెట్టుకుంటే మీకు తోకలే మిగులుతాయి. ఆ నెలల్లో సాయంత్రం పోవాలి. చలికాలం తూర్పు గాలికి పొద్దునే మేలు.

ఎండాకాలం ఇసుకదిబ్బల మీద గుడ్లుంటాయి, అటు పోవద్దు. తల్లి లేస్తే మన ఎండకు గుడ్లు ఉడికిపోతాయి.

కేసీ కాలువ:
మరి కాకినాడలో? ఆ తెల్ల అంచు సంగతి?

పెన్న గట్టు:
కాకినాడలో సముద్రం తూర్పున. ఒడ్డునుంచి పొద్దున తీస్తే ఎండకు ఎదురు, సాయంత్రం తీస్తే సముద్రపు గాలికి గల్స్ అటు తిరిగి ఉంటాయి. అందుకే పొద్దున పడవలో కాస్త లోపలికి పోయి ఒడ్డు వైపు తిరిగి తీయాలి. వలల పడవల వెంట గల్స్ వాటంతటవే వస్తాయి. ఊగే పడవలో 1/3200కు తగ్గకు.

ఆ తెల్ల అంచు షార్పెనింగ్ ఎక్కువైనా వస్తుంది, లైట్‌రూమ్‌లో కాంట్రాస్ట్ పెంచే క్లారిటీ, డీహేజ్ ఎక్కువైనా వస్తుంది. క్లారిటీ, డీహేజ్ పిట్టకు వద్దు. రా ఫైలులో (కెమెరా మార్చకుండా దాచిన ముడి ఫొటో) ముందు నాయిస్ తీసెయ్, తర్వాత ఎక్స్‌పోజర్, హైలైట్స్ -40 దాకా. షార్పెనింగ్‌లో ఆల్ట్ నొక్కి మాస్కింగ్ 70-80 దాకా జరిపితే ఆకాశం నల్లగా అయిపోయి అంచులే మిగులుతాయి, షార్పెనింగ్ వాటికే పడుతుంది. రెక్క కింద నీలం ఛాయ ఉంటే సబ్జెక్ట్ మాస్క్ వేసి అక్కడే టెంపరేచర్ కొంచెం పెంచు, ఫొటో మొత్తానికి పెంచితే నీళ్లు బురదవుతాయి. చివర పొడవు వైపు 2048 పిక్సెల్‌లకు తగ్గించి, అప్పుడు స్క్రీన్ షార్పెనింగ్ తక్కువలో.

ఆకాశంలో చుక్కలు కనిపిస్తే అవి సెన్సర్ మీది దుమ్ము. ఎఫ్/8 దాటితే ఇంకా తేలతాయి.