డి అక్షరం లేని 1922 పెన్నీ: అరుదైన నాణెమా, అరిగిన అచ్చా?

రాగిరేకు:
అమెరికా లింకన్ పెన్నీలలో (లింకన్ బొమ్మ ఉన్న ఒక సెంటు నాణేలు), డెన్వర్ టంకశాల గుర్తైన డి అక్షరం కనిపించని 1922 నాణేనికి, మామూలు 1922-డి కంటే ఎన్నో రెట్లు ధర పలకడం సబబేనా అన్నది నా ప్రశ్న. ఆ ఏడాది పెన్నీలు ముద్రించినది డెన్వర్ టంకశాల ఒక్కటే కనుక, తేదీ కింద డి లేకపోయినా అది డెన్వర్ నాణెమే. 1955 నాటి జంట ముద్ర పెన్నీ విషయం వేరు. అక్కడ అచ్చు తయారీలోనే పొరపాటు జరిగి, తేదీ, అక్షరాలు రెండేసిగా పడ్డాయి. ఇక్కడ జరిగినదల్లా అచ్చును అరిగేదాకా వాడటమే.

భూతద్దం:
రాగిరేకు గారూ, మీరు రెండు రకాల నాణేలను ఒకే గాటన కడుతున్నారు. బాగా అరిగిన అచ్చులతో కొట్టిన వాటిలో డి మసకబారి ఉంటుంది, కొన్నిటిలో అసలే కనబడదు. బొరుసు వైపు గోధుమ వెన్నుల గీతలు కూడా కలిసిపోయి ఉంటాయి. నిపుణులు రెండవ జతగా (బొమ్మ అచ్చు, బొరుసు అచ్చు కలిపి ఒక జత) లెక్కించే అచ్చులతో వచ్చిన నాణెంలో డి జాడ బొత్తిగా ఉండదు గానీ, బొరుసు వైపు అచ్చు కొత్తది కావడం వల్ల ఆ గీతలు తేటగా పడ్డాయి. బొమ్మ వైపు తేదీలో చివరి 2 దాని ముందున్న 2 కంటే పదునుగా ఉంటుంది. ‘ఇన్ గాడ్ వి ట్రస్ట్’ అన్న నినాదంలో ‘ట్రస్ట్’ అన్న మాట మిగతా మాటల కంటే స్పష్టంగా కనిపిస్తుంది. దెబ్బతిన్న అచ్చును టంకశాలలో సానబెట్టినప్పుడు డి చెరిగిపోయిందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. దానిని వట్టి అరుగుదల అనలేము.

పాతముద్ర:
పెద్ద ధర రెండవ జతకే తగునన్నది నా అభిప్రాయం కూడా. మామూలు 1922-డి మీద అక్షరాన్ని గీకివేసి అమ్మేవారున్నారు కనుక, కొనేవారు తేదీ కింది భాగాన్ని ఏటవాలు వెలుతురులో, కనీసం పది రెట్ల భూతద్దంతో చూడాలి. గీకిన చోట సన్నని గీతలో, చుట్టూ ఉన్న రంగుకు పొసగని మచ్చో మిగులుతుంది. అది కనబడకపోయినా, బొరుసు మసకగా ఉంటే పెద్ద ధర పెట్టవద్దు.

రాగిరేకు:
బొరుసు తేటగా ఉన్నదన్న కారణంతో బొమ్మ వైపు లేని అక్షరానికి వెల కట్టడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది. నాణేలు సేకరించేవారి ఆల్బమ్‌లో దానికొక గడి కేటాయించారు గనుకనే, ఆ గడి నింపాలన్న ఆరాటం ధరను పెంచుతోంది.

భూతద్దం:
గిరాకీని పక్కన పెడితే ఏ పెన్నీ ధరనూ వివరించలేము. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు ఎస్ ఉన్న పెన్నీలలో 1909-ఎస్ విడిబి 4,84,000 ముద్రించారు, 1931-ఎస్ 8,66,000. తేడా రెండింతలు కూడా లేదు, ధరలో మాత్రం ఎంతో అంతరం ఉంది. మొదటిది డిజైనర్ విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పొడి అక్షరాలైన విడిబితో వచ్చిన తొలి ఏడాది నాణెం కాగా, రెండవదాన్ని విడుదలైన రోజుల్లోనే చాలామంది దాచిపెట్టారు.