డీప్ క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయా?

మాదాపూర్ నైట్‌షిఫ్ట్: వయసు 36. బ్రష్ చేస్తే ఉమ్మిలో రక్తం వస్తోంది, నొప్పి మాత్రం అస్సలు లేదు. కింది ముందు పళ్ళ వెనక నాలుక పెడితే గరుకుగా గార తగులుతోంది. డాక్టర్ గారు చిగుళ్ళ సందుల్లో సన్నటి పుల్లలాంటిది పెట్టి కొలిచి, కొన్నిచోట్ల లోతు 5 మిల్లీమీటర్లు ఉంది, పైపైన గార తీసే మామూలు స్కేలింగ్ చాలదు, మత్తిచ్చి చిగురు లోపలి గార కూడా తీసే డీప్ క్లీనింగ్ చేయాలన్నారు. అమ్మేమో ససేమిరా అంటోంది, మా పెదనాన్నకి క్లీనింగ్ చేయించాకే పళ్ళన్నీ కదిలాయట. పైగా ఒక దవడ పన్ను పిప్పి. నిజంగా అవసరమా, బిల్లు కోసం చెప్తున్నారా?

ఓరుగల్లు డెంటిస్ట్: ఆరోగ్యంగా ఉన్న చిగురుకి ఆ లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లే. 5 ఉందంటే చిగురు పన్నుని వదిలేసి లోపలికి జేబులా తయారైందని, గార అందులోకి దిగిందని అర్థం, అక్కడికి మీ బ్రష్ వెళ్ళదు. ఇక పెదనాన్న గారి సంగతి. ఆయన పళ్ళ చుట్టూ ఎముక అప్పటికే అరిగిపోయి ఉంటుంది, గార గడ్డకట్టి వాటిని కదలకుండా పట్టుకుని ఉంటుంది. అది తీసేసరికి అసలు పరిస్థితి బయటపడింది, నింద క్లీనింగ్ మీద పడింది. మా క్లినిక్‌లో ఈ మాట వినని వారం ఉండదు! చేయించాక కొన్నాళ్ళు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది, సందులు కనిపిస్తాయి, కంగారు పడొద్దు. షుగర్ ఉంటే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపులోకి రాదు, కాబట్టి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) ఒకసారి చేయించుకోండి. సిగరెట్ ఉందా? తాగేవాళ్ళకి రక్తం తక్కువ కారుతుంది, జబ్బు తెలియకుండానే ముదురుతుంది.

చార్మినార్ చాయ్: అన్నా, అనుమానముంటే ఎక్స్‌రే, కొలతల చార్ట్ అడిగి తీసుకుని ఇంకోచోట చూపించు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, లైన్‌లో నిలబడే ఓపికుంటే ఖర్చు చాలా తక్కువ.

పల్లెటూరి పెద్దాయన: మా కాలంలో వేపపుల్ల, బొగ్గుపొడి. ఈ క్లీనింగులెక్కడివి?

ఓరుగల్లు డెంటిస్ట్: వేపపుల్ల సరే గానీ బొగ్గుపొడి వద్దు బాబాయ్, ఎనామిల్ అరుగుతుంది.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్: సిగరెట్ లేదండి. షిఫ్ట్‌లో గంటకో టీ, బిస్కెట్లు, అంతే.

ఓరుగల్లు డెంటిస్ట్: "అంతే" అంటారేంటండీ, పిప్పికి కారణం అదే! తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో క్రిములు యాసిడ్ తయారుచేస్తాయి, అది తగ్గడానికి సుమారు అరగంట పడుతుంది, ఈలోగా మీకు ఇంకో టీ వస్తుంది. రోజుకి ఎంత చక్కెర అన్నదానికన్నా ఎన్నిసార్లు అన్నదే ఎక్కువ దెబ్బ. టీ తాగండి, చక్కెర లేకుండా. పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోమి నురుగు ఉమ్మేయండి, వెంటనే నీళ్ళతో పుక్కిలించొద్దు.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్: సరే సార్, ముందు ఎక్స్‌రే అడుగుతా. షుగర్ టెస్ట్‌కి రేపు పరగడుపున వెళ్తా.

ఓరుగల్లు డెంటిస్ట్: హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ చేసే వెళ్ళండి.