టీబీ గ్రాన్యులోమాకి రక్తనాళాలు మంచివా, చెడ్డవా?

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. సోమవారం సెమినార్. ఒక్క చోట బుర్ర ఆగిపోయింది, తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

నాకు అర్థమైనంతవరకు, టీబీ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో చేరాక టీఎన్ఎఫ్ (వాపు రేపే సంకేత ప్రోటీన్) విడుదలవుతుంది. దాంతో రక్తనాళాల లోపలి గోడ మీద ఐక్యామ్-1, వీక్యామ్-1 అనే ప్రోటీన్లు పెరుగుతాయి. రక్తంలో కొట్టుకుపోతున్న తెల్లకణాలు వాటిని పట్టుకుని ఆగి, గోడ దాటి బయటికొచ్చి, బ్యాక్టీరియా చుట్టూ గుమిగూడి గ్రాన్యులోమా అనే గడ్డ కడతాయి. అంటే నాళం లేనిదే టీ కణాలకు (ఇవీ ఒక రకం తెల్లకణాలే) గ్రాన్యులోమా దగ్గరికి దారే లేదు కదా?

కానీ 2015లో వచ్చిన జీబ్రాఫిష్ పరిశోధన చూస్తే అంతా తలకిందులుగా ఉంది. (అందులో వాడింది టీబీ బ్యాక్టీరియాకి దగ్గరి చుట్టం, మైకోబ్యాక్టీరియం మారినమ్.) గ్రాన్యులోమా వీఈజీఎఫ్ ప్రోటీన్‌తో కొత్త నాళాలను తనవైపు రప్పించుకుంటోంది. ఆ సిగ్నల్‌ని ఆపేస్తే బ్యాక్టీరియా తగ్గింది! అదే ఏడాది కుందేళ్లకు వీఈజీఎఫ్‌ని అడ్డుకునే మందు బెవాసిజుమాబ్ ఇస్తే గ్రాన్యులోమా నాళాలు కుదుటపడి, చిన్న అణువులు లోపలికి బాగా చేరాయట.

ఇంతకీ వీఈజీఎఫ్‌ని ఆపితే లాభం ఎటునుంచి వస్తోంది? బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందకా, లేక ద్రవం కారే నాళాలు బిగుసుకోవడం వల్లా? అప్పుడు టీ కణాల రాక తగ్గదా? మా గైడ్‌ని అడిగితే "చదువుకుని రా" అన్నారు. చదివాకే ఈ టెన్షన్ మొదలైంది.