అప్‌డేట్: ఒకే సూట్ అయితే చేయి ఎంత బలపడుతుంది?

టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో చేతికొచ్చిన రెండు కార్డులూ ఒకే సూట్ (ఇస్పేటు, ఆఠీను లాంటివి) అయితే, అంకెలు ఎలా ఉన్నా ఆడొచ్చా అని అడిగాను. జవాబులు పట్టుకుని లెక్క కట్టాను, ఇక్కడ పెడుతున్నాను.

ఆడకూడదు. ఫ్లాప్‌లోనే (బల్ల మీద మొదట తెరిచే మూడు కార్డులు) ఫ్లష్ (ఒకే సూట్‌లో ఐదు కార్డులు) పడే అవకాశం 0.84 శాతమే. ఫ్లష్ డ్రా, అంటే మొత్తం నాలుగు కార్డులు కుదరడం, దాదాపు 11 శాతం. బల్ల మీది ఐదు కార్డులూ చివరిదాకా చూసినా మన రెండు కార్డులతో ఫ్లష్ అయ్యేది 6.4 శాతం. అదీ ఎవరూ బెట్ వేసి మనల్ని పంపేయకపోతే!

ఏస్-కింగ్ సూటెడ్‌కు ఎదుటివారికొచ్చే ఏదో ఒక చేతిపై (రెండు కార్డులపై) గెలుపు వాటా సుమారు 67 శాతం, వేర్వేరు సూట్లైతే 65. తేడా చిన్నదే. ఇస్పేటుకు ఆఠీను మీద పెద్దరికమేమీ లేదు, నాలుగు సూట్లూ సమానమే.

అసలు డబ్బు పోయేది జాకీ-4 సూటెడ్ లాంటి చేతుల్లో. ఫ్లష్ పడ్డాక కూడా పెద్ద ఫ్లష్‌కు ఓడిపోతాయి, అదీ పాట్ (మధ్యలో పోగైన పందెం డబ్బు) బాగా పెరిగాక. ఏస్-5 సూటెడ్ వేరు: ఫ్లష్ పడితే సాధారణంగా అదే పెద్దది, పైగా 2-3-4 వస్తే స్ట్రెయిట్ (వరుస అంకెల ఐదు కార్డులు) కూడా.

డ్రాతో ఫ్లాప్‌లో ఉన్నారనుకోండి. ఆ సూట్‌లో మిగిలినవి 9 కార్డులు, తర్వాతి కార్డుకే ఫ్లష్ పడే అవకాశం 19 శాతం. పాట్ 300, ఎదుటివారి బెట్ 150 అయితే 450 కోసం 150 పెట్టాలి. 3కు 1 వస్తోంది, 19 శాతం అవకాశానికి కావలసింది 4.2కు 1. ఫ్లష్ పడ్డాక ఇంకో 180 దాకా రాబట్టగలిగితేనే కాల్ చేయండి (ఆ బెట్‌కు సమానంగా పెట్టండి).